నీడ గడియారం మాయమైన శుక్రవారం

టపా పెట్టె మూత టప్పున పడ్డ చప్పుడు వినగానే జెన్సీ తన కాఫీ కప్పు నా చేతిలో పెట్టేసి, చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది.

బుధవారం, ఏప్రిల్ 26, రెండు వేల సంవత్సరం. పొద్దున పదీ ఇరవై. గుడ్ ఫ్రైడే నుంచి నిన్న అమర సైనికులను తలుచుకునే ఆన్జాక్ డే దాకా వరసగా అయిదు రోజులు సెలవులు. సెలవుల్లో టపా రాదని తెలిసి కూడా మా ఆవిడ రోజుకు రెండుసార్లు ఆ పెట్టె మూత ఎత్తి చూసింది. గుడ్ ఫ్రైడే నాడైతే బ్రిస్బేన్‌లో ఆరాధనకు వెళ్తూ, కదిలిన కారు ఆపించి మరీ చూసొచ్చింది.

"డేనీ! వచ్చేసింది! లైసెన్స్ వచ్చేసింది!"

కవరు చించిన తీరు చూస్తే లోపలి కార్డు కూడా రెండు ముక్కలై ఉంటుందనుకున్నాను. కాలేదు. క్వీన్స్‌లాండ్‌లో ప్రైవేట్ డిటెక్టివ్‌గా సొంతంగా పనిచేసుకోవచ్చని ప్రభుత్వం వారి ముద్ర. బ్రిస్బేన్‌లో ఒక పరిశోధన ఆఫీసులో మూడేళ్ళు ఇతరుల కేసులకు ఫైళ్ళు మోసిన అమ్మాయికి ఇకనుంచి తన పేరు మీదే కేసులు.

"ఫోటో చూడు, నేనే దొంగలా ఉన్నా."

"దొంగవే. నా కాఫీ రోజూ సగం నువ్వే తాగుతావు."

మా పెళ్లై ఆ రోజుకు సరిగ్గా పదకొండు వారాలు. ఇన్నాళ్ళలో ఆమె ఎగిరి నా మెడ పట్టుకోవడం ఎన్నోసారో లెక్కలేదు గానీ, ఆ దెబ్బకి నా చొక్కా మీద కాఫీ ఒలకడం మాత్రం ఇది మూడోసారి. చొక్కా మార్చుకుంటుండగా ఫోన్ మోగింది. పదీ ముప్ఫై అయిదు.

మా చర్చికే వచ్చే, ఇక్కడ టూవూంబాలోనే నర్సుగా పనిచేసే వసంతకుమారి ఆంటీ. ఆమె గొంతు నాకు గది అవతలికి వినిపిస్తోంది.

"జెన్సీ, మీ అంకుల్ని దొంగంటున్నారే! రేపు మధ్యాహ్నం పన్నెండు లోపల వస్తువు తెచ్చివ్వాలంట, లేకపోతే కాటేజీ ఖాళీ చెయ్యాలంట. ఆయనేమో కూచుని గునపాలకి నూనె రాస్తున్నాడు."

జెన్సీ ముఖంలో నవ్వు పోలేదు గానీ, కళ్ళు మాత్రం మారాయి. "ఆంటీ, అంకుల్ని ఎక్కడికీ కదలొద్దనండి. నలభై నిమిషాల్లో అక్కడుంటా." ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "డేనీ, ఇవాళ కూడా ఆఫీసుకి సెలవు పెట్టేశావుగా?"

"నీ లైసెన్స్ వస్తుందనే పెట్టాను."

"అయితే కారు తియ్యి. మొదటి కేసు."

*

ఎల్మ్‌బ్రే అనేది మా ఊరి బయట కొండ అంచున ఉన్న పాత ఎస్టేటు. రాతి బంగళా కట్టి నూట పాతికేళ్ళు దాటింది. చుట్టూ పదెకరాల తోట. ఏప్రిల్ కనక ఆకురాలు కాలం. మేపుల్ చెట్లు ఎర్రగా, ఎల్మ్ చెట్లు పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. కారు దిగగానే జెన్సీ గుప్పెడు ఆకులు తీసి నా నెత్తిన పోసింది. ఆ తర్వాతే డిటెక్టివ్ అయింది.

ఆంటీ భర్త రాయప్ప అంకుల్ ఇక్కడ తోటమాలి. బాపట్లలో పాతికేళ్ళు మొక్కలతో గడిపిన మనిషి. ఆంటీ ఉద్యోగం వల్ల ఇక్కడికొచ్చి, ఈ తోటపనితో పాటు వెనక గేటు బయట ఇచ్చిన రెండు గదుల కాటేజీలో ఉంటున్నారు. గుమ్మం ముందు ఆయన పెంచిన చామంతులు విరగబూసి ఉన్నాయి. లోపల సగం సర్దిన సూట్‌కేసు.

పోయింది కంచు నీడ గడియారం. పళ్ళెమంత బిళ్ళ, దాని మధ్య ఏటవాలు ముల్లు, కింద బరువైన కంచు దిమ్మె. మొత్తం నలభై కిలోలు. తోట మధ్య రాతి స్తంభం మీద నాలుగు బోల్టులతో బిగించి ఉండేది. యజమానురాలు మిసెస్ కాల్డర్ గురువారం సాయంత్రం ఆరింటికి దాన్ని చూసి, సిడ్నీలో కూతురి దగ్గరికి వెళ్ళింది. శనివారం పొద్దున తొమ్మిదింటికి తిరిగొచ్చేసరికి ఉత్త స్తంభమే మిగిలింది.

"అంటే పోయింది గుడ్ ఫ్రైడే నాడు. గురువారం మీరు ఎన్నింటికి వెళ్ళారు అంకుల్?"

"మూడున్నరకమ్మాయ్. మూడున్నరయ్యిందంటే ఆకులు లాగే రేక్ గోడకి తగిలించేస్తా. రోజూ అంతే."

"శుక్రవారం?"

అంకుల్ నూనె గుడ్డ కింద పెట్టాడు. "శుక్రవారమేంటి తల్లీ? మూడో వరసలో మీరిద్దరూ కూచునే ఉన్నారు కదా! నాలుగో మాట చెప్పింది నేనే కదా! గుడ్ ఫ్రైడే నాడు మా ఇంట్లో గోడకి మేకు కూడా కొట్టం. అలాంటిది నేను పోయి బోల్టులు విప్పుతానా?"

నిజమే. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించారు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా. నాలుగోది అంకుల్‌ది.

"ఎన్నింటికి మొదలుపెట్టారు?"

"ఒంటిగంటా పదికి. పదిహేను నిమిషాలు ఇచ్చారు."

"నలభై అయిదు నిమిషాలు చెప్పారు," అంది ఆంటీ టీ కప్పులు పెడుతూ. "పాస్టరు గారు రెండుసార్లు దగ్గారు కూడా."

"వాక్యం వస్తున్నప్పుడు దగ్గులు వినపడవు వసంతా."

"ఆ తర్వాత?"

"ఆదివారం తెల్లవారుజామున పునరుత్థాన ఆరాధన అయ్యేదాకా బ్రిస్బేన్‌లోనే ఉన్నాం. సాయంత్రం వచ్చాం."

"మరి ఇంతమంది సాక్షులుండగా మిమ్మల్ని ఎందుకంటున్నారు?"

"కంప్యూటర్ చెప్పిందట తల్లీ." ఆయన నూనె గుడ్డ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "దొంగతనం ఎవరైనా చేసుంటారు, దొరుకుతారులే. కానీ మిసెస్ కాల్డర్ నా ముఖం చూడకుండా మాట్లాడింది. అయిదేళ్ళలో ఎప్పుడూ అట్లా మాట్లాడలేదు."

జెన్సీ ఆయన భుజం మీద చెయ్యి వేసి లేచింది. ఆంటీ ఒక పసుపు చామంతి తెంపి ఆమె జడలో పెట్టింది.

*

రాతి స్తంభం మేపుల్ చెట్టు కింద ఉంది. పైన నాలుగు ఖాళీ రంధ్రాలు, చుట్టూ చీలమండల లోతున ఎర్రటి ఆకులు. వెనక గేటు దాకా తోపుడు బండి చక్రాల గీతను పోలీసులు శనివారమే గుర్తించి, కర్రలు పాతి వెళ్ళారు.

జెన్సీ మోకాళ్ళ మీద కూచుని ఆకుల్ని ఒక్కొక్కటే తీయసాగింది. పై పొర మెత్తగా, ఎర్రగా ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టింది. కింద వాడిపోయిన గోధుమరంగు పొర. ఆ రెండింటి మధ్య ఏదో కనిపించి ఆగిపోయింది.

"డేనీ, ఇదేంటో చెప్పు."

వేలెడు పొడవున్న నీలం ప్లాస్టిక్ ముక్క. ఒక చివర కత్తిరించినట్టు నున్నగా ఉంది. ఆఫీసులో కంప్యూటర్ల వెనక నేను పొద్దస్తమానం చూసేదే. "కేబుల్ టై. వైర్లను కట్టగా బిగించి, మిగిలిన తోకని కట్ చేసి పారేస్తాం. ఇది ఆ తోకే."

"తోటపనిలో ఇవి వాడతారా?"

"అంకుల్ పురికొస వాడతాడు. ప్రతి గులాబీకీ అదే కట్టి ఉంది."

"గడియారం కదలకుండా బండికి ఎవరో దీంతో కట్టారు. అలవాటు చొప్పున తోక కత్తిరించారు." ముక్కని కవర్లో వేసుకుని, జడలో చామంతి సరిచేసుకుని, వెనక గేటు వైపు నడిచింది. గేటు పక్కన కార్డు గీసే పెట్టె ఉంది. దాని కింద వైర్ల కట్ట. కట్టకి వరసగా ఆరు నీలం కేబుల్ టైలు.

"ఏంటి మేడమ్, మా పెట్టెకి ఫోటో తీస్తున్నారా?"

తెల్ల వ్యాను దిగి వస్తున్నాడొకాయన. చలవ కళ్ళద్దాలు, నడుముకి రెండు సెల్ ఫోన్లు. యోగానంద్ అని పరిచయం చేసుకున్నాడు. విజయవాడ నుంచి వచ్చి పదేళ్ళయిందట. ఈ గేటు సిస్టమ్ పెట్టింది ఆయన కంపెనీయే. పొద్దున అంకుల్ మీద నేరం మోపిన కాగితం తెచ్చింది కూడా ఆయనే.

"మీరెవరు?"

జెన్సీ కొత్త కార్డు తీసి చూపించింది. అవసరానికంటే ఇంకో రెండు క్షణాలు ఎక్కువే చూపించింది.

"ఎప్పుడొచ్చింది లైసెన్స్?"

"ఇవాళ పొద్దున పదీ ఇరవైకి."

యోగానంద్ పకపకా నవ్వాడు. "బ్రదర్, మీ ఆవిడకి హాబీ బాగుంది. మేడమ్, కష్టపడకండి. ఇదిగో, చూసుకోండి." జేబులోంచి మడతపెట్టిన ప్రింటు తీశాడు. పైన తేదీ 21-04-2000. కింద నాలుగే వరసలు.

ఏడూ రెండుకు కార్డు నాలుగు లోపలికి. పదీ నలభైకి కార్డు ఏడు లోపలికి. పదీ నలభై మూడుకు కార్డు ఏడు బయటికి. మూడూ ముప్ఫై ఒకటికి కార్డు నాలుగు బయటికి.

"నాలుగు మీ రాయప్ప గారిది. శుక్రవారం రోజంతా లోపలున్నాడు. ఇంకేం కావాలి?"

"శుక్రవారం ఆయన మా ఎదురుగా పుల్పిట్ మీదున్నాడు. నూట ఇరవై మంది చూశారు."

"అయితే కార్డు ఇంకెవరికో ఇచ్చాడు. మీ చర్చి వాళ్ళంతా ఒకే మాట మీద ఉంటారులే మేడమ్. మెషిన్‌కి చుట్టాలు లేరు, అది అబద్ధం చెప్పదు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తెలీక ఆగిపోతాయని డిసెంబర్ ముప్ఫై ఒకటిన ప్రపంచమంతా వణుకుతుంటే నా సిస్టమ్ కిక్కురుమనలేదు. వైటుకే సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి మిసెస్ కాల్డర్ ఆఫీసులో పెట్టాను. వెళ్ళి చూడండి."

"ఈ ఏడో నంబరు ఎవరిది?"

"టపా తెచ్చే ఆవిడది. ఆఫీసు గుమ్మంలో పెట్టె ఉంది కదా, అందుకని కార్డిచ్చాం. మూడే నిమిషాలు. మూడు నిమిషాల్లో నాలుగు బోల్టులు ఊడవు."

జెన్సీ తలూపింది. ఆమె ముఖం చూసి నాకు భయం వేసింది. దొంగచాటుగా జీడిపప్పు తింటున్నప్పుడు కూడా సరిగ్గా అంత అమాయకంగానే ఉంటుంది.

"శనివారం పేజీ కూడా ఇస్తారా?"

మొదటిసారి యోగానంద్ చలవ కళ్ళద్దాలు తీశాడు. "శనివారం తెల్లారేసరికే వస్తువు లేదు. శనివారం పేజీ దేనికి?"

"ఊరికే. హాబీ కదా."

"కుదరదు మేడమ్. నా సిస్టమ్, నా డేటా." వ్యాను తలుపు దడాలున వేసుకుని, చక్రాల కింద ఆకులు ఎగరేసుకుంటూ వెళ్ళిపోయాడు. పన్నెండూ నలభై అయిదు.

"కోపం వచ్చిందా?" అన్నాను.

"కోపమా!" జెన్సీ నా రెండు చేతులూ పట్టుకుని ఆకుల్లో గిర్రున తిరిగింది. "డేనీ, గుడ్ ఫ్రైడే నాడు మన పెట్టెలో టపా ఉందా?"

"ఎందుకుంటుంది? దేశమంతా సెలవు."

"మరి ఎల్మ్‌బ్రేకి పదీ నలభైకి టపా ఎలా వచ్చింది?"

నేను గేటు పక్కనున్న పెట్టె వైపు తిరిగి చూశాను.

"అంకుల్ కార్డు ఇంకొకరికి ఇచ్చాడనే అనుకుందాం. టపా ఆవిడ కూడా కార్డు ఇచ్చేసిందా? పొద్దున ఏడింటికి రావడం, పదీ నలభైకి టపా, మూడున్నరకి రేక్ గోడకి తగిలించడం. అది సెలవు రోజులా ఉందా నీకు? అది మామూలు పనిరోజు. అది గురువారం! కాగితం మీద మాత్రం శుక్రవారమని ఉంది. అలా ఎలా ఉంటుందో చెప్పాల్సింది నువ్వు. ప్రోగ్రామర్ మొగుడు ఉన్నది దేనికి?"

అప్పుడు వెలిగింది నాకు. వెలగగానే సిగ్గు కూడా వేసింది, అది మా కులవృత్తి తప్పు మరి.

"ఫిబ్రవరి ఇరవై తొమ్మిది," అన్నాను.

పెళ్లైన ఇరవయ్యో రోజు అది. ఆఫీసులో డ్యూటీ వేశారని నేను వెళ్తే, జెన్సీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎందుకు వేశారో అప్పుడు చెప్పినా విన్లేదు. ఇప్పుడు నోట్‌బుక్ తీసి మరీ వింది.

"నాలుగుతో భాగం పోతే లీపు సంవత్సరం. వందతో పోతే కాదు. కానీ నాలుగొందలతో కూడా పోతే మళ్ళీ లీపే. బద్ధకస్తులు మొదటి సూత్రం దగ్గరే ఆగిపోయి బతికిపోయారు. మూడూ తెలిసినవాళ్ళూ బతికారు. రెండు నేర్చుకుని, అంతా వచ్చేసిందనుకున్నవాళ్ళే మునిగారు. వాళ్ళ ప్రోగ్రాముల్లో ఈ ఏడు ఫిబ్రవరి ఇరవై తొమ్మిది లేదు. ఇరవై ఎనిమిది అవగానే మార్చి ఒకటి. అప్పట్నుంచీ ఒక రోజు ముందే నడుస్తాయి."

"అంటే కంప్యూటర్ శుక్రవారం అన్నది గురువారం."

"శనివారం అన్నది..."

"గుడ్ ఫ్రైడే," అంది జెన్సీ మెల్లగా. "పద. త్వరగా ప్రింట్ తియ్యాలి."

"త్వరగా ఎందుకు?"

"శనివారం పేజీ ఊరికే అడిగాననుకున్నావా? దొంగ అతనే అయితే అది చెరపడానికి వస్తాడు. వ్యాన్లో కాదు, ఫోన్ లైన్ మీదుగా కంప్యూటర్లోకి."

*

మిసెస్ కాల్డర్ ఆఫీసు బంగళా వెనక చిన్న గది. డెబ్భై ఏళ్ళ మనిషి, కర్రలా నిటారుగా ఉంటుంది. అంకుల్, ఆంటీ కూడా మా వెనకే వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. ఆవిడ వాళ్ళ వైపు చూడలేదు.

"మీకు పది నిమిషాలిస్తాను," అంది ఇంగ్లీషులో.

"ముందు ఒకే ఒక్క ప్రశ్న," అంది జెన్సీ. "ఇవాళ తేదీ ఎంత?"

"ఇరవై ఆరు. నిన్న తెల్లవారుజామున ఆన్జాక్ స్మారకం దగ్గర నిలబడ్డాను, నాకు తెలియదా?"

జెన్సీ బల్ల మీద గేటు చిట్టా రాసే కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పింది. మూలన చిన్న అక్షరాల్లో 27-04-2000.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. గోడ మీద బంగారు ఫ్రేములోని వైటుకే సర్టిఫికెట్ వైపు చూసింది. "రెండు నెలలుగా ఎవరూ గమనించలేదా?"

"ఏదైనా పోతే తప్ప ఈ చిట్టా ఎవరూ చదవరు," అంది జెన్సీ. "మీరు ముందు గేటుకి తాళంచెవే వాడతారు కదా."

నేను ఇరవై రెండో తేదీ పేజీ అడిగాను. పాత ప్రింటర్ కర్రుకర్రుమని కాగితం కక్కింది. రెండే వరసలు. ఒంటిగంటా ఇరవైకి కార్డు ఒకటి లోపలికి. ఒంటిగంటా యాభై రెండుకు కార్డు ఒకటి బయటికి.

"ఒకటో నంబరు ఎవరిది?"

"మిస్టర్ యోగానంద్‌ది," అంది ఆవిడ.

"శనివారం ఒంటిగంటా ఇరవైకి ఆయన ఇక్కడికొచ్చాడా?"

"రాలేదు. పన్నెండున్నర నుంచి రెండు దాకా నేనూ పోలీసు సార్జెంటూ ఆ స్తంభం దగ్గరే ఉన్నాం. వెనక గేటు మాకు ఎదురుగానే కనిపిస్తుంది. పిల్లి కూడా రాలేదు." అని ఆగింది. ఎక్కడో లెక్క కుదిరినట్టు కుర్చీలో కూలబడింది. "ఆ గడియారాన్ని అతను రెండుసార్లు అమ్మమని అడిగాడు. బ్రిస్బేన్ దారిలో స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కొత్త ఇల్లు కట్టించుకున్నాడు. కొత్త తోటలో పాత వస్తువు ఉంటే పరువుగా ఉంటుందన్నాడు. నేను నవ్వేశాను."

జెన్సీ నీలం ముక్క ఉన్న కవరు ఆవిడ ముందు పెట్టి, అది ఎక్కడ దొరికిందో చెబుతుండగా కంప్యూటర్ పక్కనున్న మోడెం కీచుమని అరిచింది. తర్వాత గరగర. తర్వాత నిశ్శబ్దం. తెర అడుగున ఒక వాక్యం వెలిగింది. బయటి నుంచి ఎవరో లోపలికి వచ్చారు.

"ఎవరూ ఏదీ ముట్టుకోకండి," అన్నాను. ఒంటిగంటా పద్దెనిమిది.

అందరం తెర మీదికి వంగాం. ఇరవై రెండో తేదీ పేజీ దానంతటదే తెరుచుకుంది. మొదటి వరసలో ఒకటో నంబరు మాయమైంది. జెన్సీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతను చెరిపి ఊరుకుంటాడనే అనుకున్నాం. ఊరుకోలేదు. ఖాళీలో ఇంకో అంకె పడింది. రెండో వరసలో కూడా అదే.

నాలుగు.

గుమ్మంలోంచి అంకుల్ తడబడుతూ అన్నాడు, "అది... అది నా నంబరే."

"అవునంకుల్. ఇప్పుడు కొత్త చిట్టా ప్రకారం గుడ్ ఫ్రైడే నాడు ఒంటిగంటా ఇరవై నుంచి యాభై రెండు దాకా మీరిక్కడ బోల్టులు విప్పారు." జెన్సీకి నవ్వు ఆగలేదు. "ఒంటిగంటా పది నుంచి యాభై అయిదు దాకా మీరు నాలుగో మాట మీదే ఉన్నారు!"

"నేను చెప్పాగా," అంది ఆంటీ కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "మీరు పదిహేను నిమిషాల్లో ముగించుంటే ఇవాళ జైల్లో ఉండేవారు."

మిసెస్ కాల్డర్‌కి తెలుగు రాదు. అయినా ఆవిడ లేచి, గుమ్మం దాకా నడిచి, అంకుల్ ముఖంలోకి సూటిగా చూసింది. "రాయప్పా, నేను తప్పు చేశాను. లోపలికి రండి. మీరు బయట నిలబడకూడదు." కుర్చీ తనే జరిపింది.

నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. "జెన్సీ, మనం చూస్తున్నామని అతనికి తెలీదు. కానీ శనివారం పేజీ మీద నీకు అనుమానం ఉందని తెలుసు. ఇప్పుడే గడియారాన్ని తరలించేస్తే?"

"అందుకే రెండు ఫోన్లు చేద్దాం. మొదటిది సార్జెంట్‌కి. ఆ కొత్త ఇంటి ముందు ఇప్పట్నుంచే ఒక మనిషిని పెట్టమందాం. రెండోది మిసెస్ కాల్డర్ చేస్తారు, యోగానంద్‌కి. 'మీరు చెప్పిందే నిజం, రాయప్పని పంపించేస్తున్నాను' అని. అప్పుడతను హాయిగా నిద్రపోతాడు."

"అబద్ధం చెప్పడం నాకు చేతకాదు," అంది మిసెస్ కాల్డర్, ఫోన్ తన వైపు లాక్కుంటూనే.

"పంపించడం నిజమే కదా మేడమ్. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌కి పంపిస్తున్నారు." జెన్సీ ప్రింటు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. కొత్త లైసెన్స్ పక్కనే. "రేపు పొద్దున ఏడింటికి బయల్దేరుతున్నాం. డేనీ డ్రైవింగ్. మిసెస్ కాల్డర్, మీ వస్తువుని మీరే గుర్తుపట్టాలి. ఆంటీ, దారిలోకి పులిహోర. అంకుల్, మీరు పెద్ద స్పానర్ తెచ్చుకోండి."

"స్పానరా? నాకెందుకు తల్లీ?"

"మిసెస్ కాల్డర్ మీకు రేపు పన్నెండు దాకా టైమిచ్చారు కదా. ఆ లోపల నాలుగు బోల్టులూ మళ్ళీ మీరే బిగించాలి."